పొరుగింటి పుల్లకూర

పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు వేళాకోళానికి అంటూ ఉంటారు. నా విషయంలో ఆ సామెత అక్షరాలా నిజమై కూర్చున్నది. పొరుగిల్లు మాత్రం మన వీధిలోది కాదు. ఫిలిప్పీన్సు దేశంలో, లగూనా జిల్లాలో, లోస్ బాన్యోస్ అనే ఊళ్ళోది. పుల్లకూర పేరు అడోబో. పందిమాంసాన్ని సిర్కాలో, వెల్లుల్లిలో ఊరవేసి వండే వంట అది. పందిమాంసం అనగానే కొందరు పాఠకులు ముఖం తిప్పుకుంటారని నాకు తెలుసు. నేనూ తిప్పుకున్నదాన్నే. కాస్త ఓపిక పట్టండి, ఆ సంగతికి వస్తాను.

మావారికి 2018 లో అక్కడి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో మూడేళ్ళకు ఉద్యోగమైంది. ఈ సంస్థ 1960 లో వెలిసింది. మన పెద్దవాళ్ళకు 'ఐ.ఆర్. ఎనిమిది' అనే వరి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇండోనేషియా పొడుగు వరినీ, తైవాను పొట్టి వరినీ కలిపి ఆ వంగడాన్ని పుట్టించి 1966 లో బయటకు వదిలింది వీరే. మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు మరుసటి సంవత్సరానికల్లా దాన్ని గోదావరి గట్టున పండించి పేరు తెచ్చుకున్నారు. కాబట్టి ఆ ఊరి ధాన్యం మన గాదెల్లోకి ఏనాడో వచ్చింది. ఆ ఊరి కూర మా ఇంటికి రావడానికే యాభై ఏళ్ళు పట్టింది.

లోస్ బాన్యోస్ అంటే స్పానిషులో స్నానఘట్టాలని అర్థం. వేడినీటి బుగ్గలున్న ఊరు. వెనుక మకిలింగ్ పర్వతం, ముందు పెద్ద సరస్సు. మేము అద్దెకు దిగిన ఇంటికి, పక్కింటికి మధ్య గోడ లేదు, మందారం కంచె మాత్రమే. సామాను దింపుకొన్న సాయంత్రమే కంచె పైనుంచి ఒక నడివయస్సు ఆవిడ తల ఎత్తి, "కుమాయిన్ కా నా బా?" అని అడిగింది. ఏమి అడిగిందో తెలియక నేను నవ్వి ఊరుకున్నాను. తరువాత తెలిసింది, 'అన్నం తిన్నావా?' అని. అక్కడ పలకరింపే అది. పరాయిదేశంలో మొట్టమొదట నన్ను అడిగిన ప్రశ్న మా పిన్ని గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్నే అయినందుకు నాకు ఆ రాత్రి కొంచెం కళ్ళు చెమర్చాయి.

వయస్సులో పెద్దదాన్ని అక్కడ 'ఆతె' అని పిలవాలి. మన 'అక్క' అన్నమాట. అప్పటినుంచి ఆవిడ నాకు ఆతె. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు. ఓడలో, ఇంజను గదిలో ఉద్యోగం. ప్రపంచంలో ఏ సరుకుల ఓడ ఎక్కినా ఫిలిప్పీనో నావికుడు కనబడతాడని చెబుతారు. ఆ వీధిలో ఇంటికొక్కడు చొప్పున సముద్రం మీదనో, సౌదీలోనో, హాంగ్‌కాంగులోనో ఉండేవారు. తొమ్మిది నెలలు ఓడ మీద, రెండు మూడు నెలలు ఇంటి దగ్గర. ఇదీ ఆతె కొడుకు బ్రతుకు, ఆతె బ్రతుకున్నూ.

మేము వెళ్ళిన వారం రోజులకే ఆతె ఒక గిన్నె పట్టుకొని వచ్చింది. మూత తీసేసరికి మిరియాల వాసన, వెల్లుల్లి వాసన, వాటి వెనుక మన ఊరగాయ జాడీ తెరిచినప్పుడు వచ్చే పులుపు వాసన. నా నోట్లో నీళ్ళూరాయి. "ఏ మాంసం?" అన్నాను. "బాబోయ్" అంది. వాళ్ళ భాషలో బాబోయ్ అంటే పంది. నాకు నిజంగానే బాబోయ్ అనిపించింది! మా ఇంట కోడీ, చేపా, వేటమాంసమూ తింటాము గాని ఇది ఎరుగము. చేతులు జోడించి వద్దన్నాను. ఆతె ఏమీ నొచ్చుకోలేదు. మరునాడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ గిన్నె పట్టుకొని. "మనోక్" అంది, అంటే కోడి. అడగకుండానే వేరే కుండలో వేరే గరిటెతో వండిందట. మన దేశంలో కూడా ఇంత మర్యాద అందరికీ దొరకదు.

ఆ మొదటి ముద్ద రుచి ఏమని చెప్పను? చేపల పులుసు కాదు, కోడికూర కాదు, ఆవకాయా కాదు. మూడూ కలిసి పెళ్ళికి వచ్చినట్టున్నది.

మనకు పులుపంటే చింతపండు, మామిడికాయ, గోంగూర. వాళ్ళకు చింతపండు లేకపోలేదు, సినిగాంగ్ అనే చారు దానితోనే కాస్తారు. అయినా వాళ్ళ పులుపులన్నిటికీ రాజు మాత్రం సిర్కాయే. మనం బజారులో వెనిగర్ అని కొనుక్కునేది. అది అక్కడ సీసాలో పుట్టదు, చెట్టు మీద పుడుతుంది. కొబ్బరిచెట్టు గెలను కోసి, కుండ కట్టి కల్లు దించుతారు. తాజాగా ఉన్నప్పుడు తాగుతారు, పులిసిపోతే సిర్కా. ఉప్పునీటి కయ్యల్లో పెరిగే నీపా తాటికల్లుతో చేసినదొక రకం. ఉత్తరాన ఇలోకోస్ ప్రాంతంలో చెరకురసంతో చేసే నల్లని సిర్కా ఇంకొక రకం. ఏ ఊరి అడోబో రుచి ఆ ఊరి సిర్కాను బట్టే.

ఇక్కడ ఒక చమత్కారం చెప్పాలి. సిర్కాను తగలోగు భాషలో 'సుకా' అంటారు. ఆ మాట మలయా భాషలోని 'చుకా' నుంచీ, అది సంస్కృతంలోని 'చుక్రము' నుంచీ వచ్చిందని భాషాపండితులు చెబుతారు. మన చుక్కకూరలోని చుక్క కూడా ఆ చుక్రమేనంటారు. అంటే మా ఆతె సిర్కా సీసాకూ, మా అమ్మ చుక్కకూర పప్పుకూ ఏదో బీరకాయపీచు చుట్టరికం ఉన్నదన్నమాట. ఈ సంగతి చెప్పినప్పటి నుంచీ ఆతె నన్ను వీధిలో అందరికీ చుట్టమని పరిచయం చేయసాగింది.

అడోబో అనే పేరు మాత్రం స్పెయినువాళ్ళది. 1521 లో మాజెల్లాన్ ఓడలు ఆ దీవులకు వచ్చాయి. ఆయన అక్కడే మక్తాన్ దీవిలో లాపులాపు మనుషుల చేతిలో చనిపోయాడు. 1565 నుంచి స్పెయినువాళ్ళు తిష్ఠవేసి 1898 దాకా కదలలేదు. వాళ్ళ దేశంలో మాంసాన్ని మసాలాతో, సిర్కాతో ఊరవేయడాన్ని 'అడోబార్' అంటారు. ఇక్కడివాళ్ళు సిర్కాలో మాంసం ఉడికించడం చూసి, ఇదీ మన అడోబోయే అనుకొన్నారు. 1613 లో ఒక స్పానిషు సన్న్యాసి అచ్చువేసిన తగలోగు నిఘంటువులో దీన్ని 'ఈ దేశస్థుల అడోబో' అని వ్రాసుకున్నాడు. ఆ నిఘంటువు అచ్చయిన పీలా గ్రామం మేమున్న లగూనా జిల్లాలోనిదే. పేరు పెట్టినవాడు వేరు, వంట నేర్చినవాళ్ళు వేరు. వేడిదేశంలో మాంసం పాడుకాకుండా ఉప్పుతో, పులుపుతో కాపాడుకొనే విద్య వాళ్ళకు స్పెయినువాళ్ళు రాకముందే వచ్చును. ఆ తరువాత చైనా వర్తకులతో వచ్చిన సోయా సాసు, వాళ్ళు తోయో అంటారు, చాలా ఇళ్ళలో ఉప్పు స్థానం ఆక్రమించింది. నేడు పట్టణాల్లో వండే నల్లని అడోబో ఈ తోయో మహిమే. తోయో లేనిదాన్ని తెల్ల అడోబో అంటారు.

పేరు పెట్టిన దొరలు వెళ్ళిపోయినా ఆ పేరు మీద తగాదాలు మాత్రం తీరలేదు. 2021 జూలైలో ఆ దేశపు వాణిజ్యశాఖ వారికి ఒక సద్బుద్ధి పుట్టింది. అడోబోకు ఒక ప్రమాణం నిర్ణయించాలట! ఏది అసలైన అడోబోయో తేల్చడానికి సంఘం వేశామని ప్రకటించారు. మన ప్రభుత్వం వారు పులిహోరకు గెజిట్టులో ఇంగువ పాలు ఇంత అని ప్రకటిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. దేశం దేశమంతా భగ్గుమన్నది. మా వీధిలో ఆ వారం కోవిడ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఆ శాఖవారు, "అయ్యా, ఇది పరదేశాల్లో మన వంటకు ప్రచారం కోసమే గాని మీ వంటింట్లోకి మేము రాము" అని సర్ది చెప్పుకోవలసి వచ్చింది. ఆతె ఆ వార్త విని, "ముందు మా అత్తగారినీ నన్నూ ఒప్పించమను, తరువాత దేశాన్ని ఒప్పించవచ్చు" అంది.

అందులో నిజమున్నది. ఆతె పుట్టిల్లు బతంగాస్. అక్కడ అడోబోలో పసుపుకొమ్ము దంచి వేస్తారు. పచ్చగా ఉంటుంది, 'అడోబో సా దిలావ్' అంటారు. అత్తవారిది బికోల్. ఆ ప్రాంతం కొబ్బరిపాలకూ, మిరపకాయకూ పెట్టింది పేరు. ఫిలిప్పీన్సులో మనలాగా కారం తినేవాళ్ళు ఎవరయినా ఉన్నారంటే వాళ్ళే. అత్తగారు పసుపు చూసి ఇది మందా కూరా అన్నదట. కోడలు కొబ్బరిపాలు చూసి ఇది కూరా పాయసమా అన్నదట. ఏడాది పాటు ఇంట్లో రెండు కుండలు నడిచాయి. ఆ మగమనిషి, పాపం, పూటకొక కుండలో తినేవాడు. ఒకరోజు విసిగిపోయి రెండు కుండలూ ఒకదానిలో కుమ్మరించేశాడు. ఆ ఇంటి అడోబో అలా పుట్టింది. పసుపూ ఉంటుంది, కొబ్బరిపాలూ ఉంటాయి, మిరపకాయలూ ఉంటాయి. ఆయన పోయినా ఆ కుండ మిగిలింది.

కాని ఆతె ఇంట్లో ఒక కట్టుబాటు ఉన్నది. కొబ్బరిపాలు ఎప్పుడూ పోయదు. కొడుకు ఇంట్లో ఉన్నప్పుడే పోస్తుంది. మొదట ఇదేదో మొక్కు అనుకున్నాను. కాదు, వట్టి వంటింటి శాస్త్రం. సిర్కా, ఉప్పు, వెల్లుల్లితో వండి నీరు ఇగిరిపోయిన అడోబో ఆ ఎండల్లో కూడా తొందరగా చెడదు. పులుపులో కుళ్ళుపుట్టించే క్రిములు పెరగవు, పైన పేరిన కొవ్వు గాలి తగలనివ్వదు. మన ఆవకాయకు ఉప్పూ నూనే చేసే పనే ఇది. కొబ్బరిపాలు పోశామా, ఆ పూటకు తినేయాల్సిందే. ప్రయాణమయ్యేవాడికి కొబ్బరిపాలు పోసి లాభం లేదు. కొడుకు బయలుదేరే రోజున పసుపు వేసి పొడిగా ఇగరబెట్టి, డబ్బాకెత్తి ఇచ్చేది. చాలా దేశాలవాళ్ళు మాంసం విమానం దిగనివ్వరు గదా, అందుకని వాడు మనీలాలో కాగితాల కోసం కాచుకొని ఉండే నాలుగు రోజులూ దానితోనే గడిపేవాడు. ఇల్లు చేరిన రోజున కొబ్బరికాయ కోరేది. వీధిలో అందరికీ ఆ చప్పుడు తెలుసు. మన కోరాము లాంటిదే, కాని పీటలాగా మీద కూర్చునేది. దాన్ని కొందరు 'కబాయో' అంటే గుర్రం అని పిలుస్తారు. ఆతె గుర్రమెక్కిందంటే కొడుకు వచ్చాడన్నమాట.

వాడు 2019 ఆగస్టులో ఓడెక్కాడు. 2020 మే నెలలో దిగాలి. మార్చి 17 నుంచి లూజాన్ దీవి అంతటా తలుపులు మూశారు. ఇంటికొక చీటీ ఇచ్చారు. ఆ చీటీ ఉన్న ఒక్కరే బజారుకు వెళ్ళాలి. మేలో ఒకరోజు కొడుకు ఫోను చేశాడు, దిగుతున్నాను, విమానానికి టిక్కెట్టు వచ్చిందని. ఆతె తెల్లవారుజామున చీటీ పట్టుకొని బజారు వరుసలో నిలబడి రెండు కిలోల మాంసం తెచ్చింది. రెండు కొబ్బరికాయలు తెచ్చింది. సాయంత్రం మాంసాన్ని సిర్కాలో ఊరవేసి, కంచె దగ్గరకు వచ్చి గర్వంగా నాకు చెప్పి పోయింది.

రాత్రి పదకొండింటికి మళ్ళీ ఫోను. ఆ రేవువాళ్ళు నావికులను నేల మీద కాలు పెట్టనివ్వడం లేదట. విమానం లేదు, మారుమనిషి రాడు, ఓడ మళ్ళీ బయలుదేరుతున్నది. ఆ సంవత్సరం ఆఖరుకు ఇలా ఓడల మీద చిక్కుకొన్నవాళ్ళు ప్రపంచం మొత్తం మీద నాలుగు లక్షల మందని లెక్క చెప్పారు. ఆ రాత్రి నాకు తెలిసినవాడు వాళ్ళలో ఒక్కడే.

ప్రొద్దున్నే పక్కింట్లో పొగ కనబడింది. ఆతె వండుతోంది. ఊరిన మాంసాన్ని పారేయలేరు గదా. కొబ్బరికాయలు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి, కొట్టలేదు. పొడి అడోబో చేసి, చిన్న చిన్న గిన్నెలకు సర్ది, వీధిలో ఒక్కొక్క గేటు మీదా పెట్టి పోతోంది. మా గేటు దగ్గరకు వచ్చి ఆగింది. మేము తినమని ఆమెకు తెలుసు. చేతిలో ఒక్క గిన్నె ఎక్కువయింది. అది కొడుకు వాటా. ఎవరికివ్వాలో తెలియక నిలబడినట్టున్నది.

నేను వెళ్ళి చేయి చాపాను. ఆతె తలెత్తి చూసి, "బాబోయ్" అని జ్ఞాపకం చేసింది. తెలుసునన్నాను.

లోపలకు తెచ్చి వేడి అన్నంలో కలుపుకొని తిన్నాను. మావారు ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నారు. నేను ఏమీ అనలేదు. ముక్క మెత్తగా ఉన్నది, కొవ్వు నోట్లో కరిగింది, పసుపూ మిరియమూ మన వంటలాగానే ఉన్నాయి. అదే రుచి నెల ముందయితే నాకు తెలిసేది కాదు.

ఆ తరువాత నేనూ వండడం నేర్చుకున్నాను. మొదటిసారి అభాసుపాలయ్యాను. పులుసు పెట్టిన చేయి గదా, కుండ పొయ్యి మీద పెట్టిన దగ్గరనుంచీ గరిటె తిప్పుతూనే ఉన్నాను. పైగా అల్యూమినియం గిన్నె. తిన్నవాళ్ళందరికీ గొంతు గీరుకుపోయింది, కూరకు ఇనుపవాసన కూడా పట్టింది. ఆతె వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. సిర్కా ఒకసారి పూర్తిగా తెర్లి, దాని ఘాటు ఆవిరయిపోయేదాకా గరిటె ముట్టుకోరాదు, మూత పెట్టరాదు. ఇది అక్కడ ప్రతి తల్లీ కూతురికి చెప్పే మొదటి మాట. పుల్లటి గిన్నెకు మట్టికుండ గాని, స్టీలుది గాని, పింగాణీ పూసినది గాని వాడాలి.

వండాలనుకొన్నవారికి ఆతె పద్ధతి చెబుతాను. కిలో మాంసం తీసుకోండి. సగం పొట్టభాగం, సగం భుజం ముక్క అయితే కొవ్వూ కండా సమంగా ఉంటాయి. శుభ్రమైన కొట్టులో కొనండి, ఈ మాంసం విషయంలో బేరానికి పోవద్దు. రెండంగుళాల ముక్కలు కోయించండి. చిన్న ముక్కలయితే చిదురైపోతాయి. వెల్లుల్లి ఒక పెద్ద గడ్డ మొత్తం, పొట్టు తీసి నలగ్గొట్టాలి. రెండు గడ్డలు వేసినా ఎవరూ తప్పుపట్టరు. చెంచాడు మిరియాలు, సగం గింజలుగానే ఉంచి సగం కచ్చాపచ్చాగా దంచాలి. రెండంగుళాల పచ్చి పసుపుకొమ్ము నూరాలి, లేకపోతే చెంచాడు పసుపుపొడి. ఉప్పు ఒకటిన్నర చెంచా. సిర్కా అరకప్పు, అంటే సుమారు నూటిరవై మిల్లీలీటర్లు. కొబ్బరికల్లు సిర్కా గోవాలోనూ, కేరళలోనూ దొరుకుతుంది, తెప్పించుకొంటే శ్రేష్ఠం. చెరకుది రెండవ పక్షం. సింథటిక్ అని సీసా మీద ఉన్నది మాత్రం వద్దు, పులుపు తప్ప మరే గుణమూ దానికి లేదు. లారెల్ అనే ఆకు మూడు. మన బిరియానీ ఆకు దానికి దూరపు బంధువే గాని అది కాదు, అయినా పనికి వస్తుంది.

వీటన్నిటితో మాంసాన్ని కలిపి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఊరనివ్వండి. తొందరగా ఉంటే గంటన్నా ఊరాలి. ప్రొద్దున్న ఆ ఊటతో సహా కుండలోకి వంపి, కప్పు నీళ్ళు పోసి పెద్దమంట మీద మూత లేకుండా పెట్టండి. తెర్లుతుంది, ముక్కుకు ఘాటు కొడుతుంది, కళ్ళు మండుతాయి. చేతులు వెనక్కు కట్టుకొని నిలబడండి. పది నిమిషాలకు ఆ ఘాటు పోయి కమ్మని వాసన వస్తుంది. ఇక మంట తగ్గించి, మూతవేసి, ముక్క మెత్తబడేవరకూ ఉడకనివ్వండి. ముక్కను బట్టి ముప్పావుగంటో, గంటో. మధ్యలో ఎరుపు గాని గులాబీరంగు గాని మిగలకూడదు.

తరువాతి పని చాలామంది ఎగ్గొడతారు, అందుకే వాళ్ళ అడోబో ఆతె అడోబో కాదు. ముక్కలను తీసి వేరే మూకుడులో వాటి కొవ్వులోనే అంచులు ఎర్రబడేదాకా వేపాలి. వేరే నూనె అక్కరలేదు. మిగిలిన కొవ్వును వంపేసి, ముక్కలను మళ్ళీ కుండలో వేసి, ఊట దగ్గరపడేదాకా ఇగరబెట్టాలి. ఇక్కడికి ప్రయాణపు అడోబో తయారు. ఇంట్లోవాళ్ళకయితే ఈ దశలో ఒకటిన్నర కప్పు చిక్కటి కొబ్బరిపాలు, నాలుగయిదు పచ్చిమిరపకాయలు నిలువునా చీరి వేసి, చిన్నమంట మీద పది నిమిషాలు ఉంచాలి. ఎగరేసి మరిగిస్తే పాలు విరుగుతాయి. నూనె తేలితే దించేయండి. వేడి తెల్లన్నంలోకి తప్ప మరెందులోకీ వడ్డించవద్దు. మిగిలిన పొడి అడోబోను మాత్రం మరునాడు చీలికలు చేసి, వెల్లుల్లి వేసి వేపిన చద్దన్నంతో పెట్టండి. ఆ ఫలహారం కోసమే చాలామంది ముందురోజు ఎక్కువ వండుతారు.

పందిమాంసం నిషిద్ధమైన ఇళ్ళవారు ఇదే పద్ధతిన కోడి వండుకోవచ్చు, ఉడికే కాలం సగం చాలు. ఆ దేశపు దక్షిణాన మిందనావో ముసల్మానులు అలాగే వండుకుంటారు. శాకాహారులకు కూడా దారి ఉన్నది. అక్కడ తూటికూరతో అడోబో చేస్తారు. వెల్లుల్లి వేపి, కాడలు ముందు, ఆకు తరువాత వేసి, సిర్కా, సోయా సాసు చిలకరించి నాలుగు నిమిషాల్లో దించేస్తారు. మన చెరువుల్లో పెరిగే తూటికూరే, మనం దాన్ని పెద్దగా ఖాతరు చేయము. ఇక ఇది మరీ విదేశీ వంట అనుకోనక్కరలేదు. పక్కనే కొడగులో కాచంపుళి అనే పులుపు వేసి పందికూర వండుతారు. గోవావారి విందాలూ కూడా పోర్చుగీసువాళ్ళు తెచ్చిన ఇలాంటి సిర్కా, వెల్లుల్లి వంటే. కడుపులో వాళ్ళంతా దాయాదులు.

ఆతె కొడుకు పదిహేను నెలలు ఓడ మీద గడిపి 2020 నవంబరులో వచ్చాడు. మనీలాలో ఒక గదిలో రెండు వారాలు పెట్టి మరీ వదిలారు. ఏ రోజు వస్తాడో ఆతె ఎవరికీ చెప్పలేదు. అప్పటికి మూడుసార్లు చెప్పి మూడుసార్లూ తప్పిపోయింది. ఒక ఉదయం నేను బట్టలు ఆరవేస్తుంటే పక్కింట్లోనుంచి గరగరమని చప్పుడు. చేతిలో తడిచీర అలాగే పట్టుకొని కంచె దగ్గరకు పరుగెత్తాను. అవతల వీధి వాళ్ళు కూడా ఒక్కొక్కరే గేట్ల దగ్గరకు వస్తున్నారు. ఆతె పెరట్లో గుర్రం మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. వాడు చెప్పులు లేని కాళ్ళతో గుమ్మంలో నేల మీద పడుకొని నిద్రపోతున్నాడు.

మేము తిరిగివచ్చి ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాము. నెలకొకసారి అడోబో వండుతాను. మా అబ్బాయి హాస్టలుకు వెళ్ళేటప్పుడు పొడిది, వచ్చినప్పుడు పాలు పోసినది. కోడితో చేశానని మా అమ్మకు చెబుతుంటాను. చిక్కేమిటంటే, మా అమ్మ ఈ పత్రికను అట్ట మొదలు ఆఖరి ప్రకటన దాకా వదలకుండా చదువుతుంది. సీరియలు కోసం బుధవారం నుంచే కాచుకు కూర్చుంటుంది. ఈ వారం సంచిక ఇంటికి చేరకుండా చూడమని మా తమ్ముడికి ఫోను చేయాలి.